తప్పు బండిదా, మనిషిదా

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద ఉన్న నూరుల్లా షెడ్డుకు బోర్డు లేదు. అవసరం పడలేదు. డీజిల్ బండి మొండికేస్తే రాజుపాలెం నుంచి పులివెందుల దాకా ఎవరైనా ముందు ఆయన పేరే చెబుతారు. యాభై రెండేళ్ల మనిషి, సన్నగా, కాస్త వంగిన వీపుతో ఉంటాడు. బండి ఎప్పుడు ఆగింది, ఎండపూటా చల్లపూటా, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, ఎంతమంది ఉన్నారు, ఎవరు తోలుతున్నారు, ఇవన్నీ అడిగాక గానీ బానెట్ ఎత్తడు. కొత్తవాళ్లు విసుక్కుంటారు.

"పోలీసోని మాదిరి ఇన్ని అడుగుతాండావేందప్పా?"

"బండికి నోరు లేదు గదప్పా. దాని బదులు నువ్వే చెప్పాల" అంటాడు.

ఈ అలవాటు ఊరికే రాలేదు. అంబాసిడర్ల కాలంలో ఒక పెద్దమనిషి కారు మైదుకూరు దారిలో ఆగిపోయింది. కక్షలున్న ఊళ్ల మధ్య ఆగడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కారును నూరుల్లా దగ్గరికి తెచ్చారు. ఆయన రెండు నిమిషాలు ఇంజను శబ్దం విని, "ఇంజనులో ఏం లేదు" అనేశాడు. తన చెవి మీద తనకు అంత నమ్మకం. బండిలో తప్పు లేదంటే డ్రైవరే కావాలని ఆపినట్టని పెద్దమనిషి మనుషులు అనుకున్నారు. డ్రైవరు ఈశ్వరయ్య కుడిచేతి వేళ్లు విరిచారు. నెల తిరక్కుండానే అదే కారు ఇంకో డ్రైవరు చేతిలో అదే తీరున ఆగింది. కండెన్సర్ అనే చిన్న సామాను, వేడెక్కితే పనిచేయడం మానేస్తోంది. అప్పటికే ఈశ్వరయ్య పెళ్లాం బిడ్డలతో ఊరు విడిచిపోయాడు. ఎక్కడికి పోయాడో కనుక్కుందామని నూరుల్లా రెండుసార్లు తిరిగాడు. తెలియలేదు.

తర్వాత బండ్లు మారాయి. ఇంజనులోకి కంప్యూటర్ వచ్చింది. తనకేం జబ్బు చేసిందో బండి తానే ఒక అంకెగా రాసిపెట్టుకుంటుంది. స్కానర్ తగిలిస్తే ఆ అంకె బయటికొస్తుంది. నలభై ఆరేళ్ల వయసులో నూరుల్లా బెంగళూరు పోయి, తన కొడుకుల ఈడు పిల్లల పక్కన మూడు వారాలు కూర్చుని ఆ పని నేర్చుకుని వచ్చాడు. ఇంగ్లీషు చదవలేడు. భార్య షాహీదాబీ పదో తరగతి పాసైంది. స్కానర్‌తో వచ్చిన పుస్తకం ముందేసుకుని, ఒక్కో కోడ్‌కు అర్థమేమిటో ఆమె తెలుగులో ఒక నోటుబుక్కు నిండా రాసిచ్చింది. చుట్టుపక్కల మెకానిక్కులు కూడా స్కానర్లు కొన్నారు. కోడ్ రాగానే ఆ సామాను పేరు చూసి మార్చేస్తారు. నూరుల్లా మార్చడు. "కోడ్ దొంగను పట్టియ్యదు. కన్నం పడిన ఇల్లు చూపిస్తాది, అంతే" అంటాడు.

రెండు వేల తొమ్మిది ఎన్నికల ముందు, మార్చి నెలలో, ఒక మంగళవారం పొద్దున తిప్పారెడ్డి తెల్ల బండి షెడ్డుకు వచ్చింది. తిప్పారెడ్డిది జమ్మలమడుగు అవతల నల్లగుట్టపల్లె. పక్క ఊరివాళ్లతో రెండు తరాల పగ. ఇప్పుడు ఆ పగకు పార్టీ జెండాలు వచ్చాయి. ఈ ఇల్లు ఒక పార్టీ, ఆ ఇల్లు ఇంకో పార్టీ. బాంబులు తగ్గాయి గానీ భయం తగ్గలేదు. ఆ ఇంటి బండి ఎక్కడ నిలిపినా ముక్కు రోడ్డువైపే ఉండాలి. షెడ్డులోకి కూడా వెనక్కే తోలుకొచ్చారు.

బండిని తెచ్చింది తిప్పారెడ్డి బావమరిది ఓబన్న. డ్రైవరు చిన్నసుబ్బయ్య వెనక సీట్లోంచి దిగాడు. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో స్టీరింగ్ పట్టిన మనిషి. అతను వెనక నుంచి దిగడం నూరుల్లా గమనించాడు.

"తాళం ఏది సుబ్బయ్యా?"

ఓబన్న జేబులోంచి తీశాడు. "నాకాడుండాది. ఇంగ వాని చేతికియ్యం."

జరిగింది ఓబన్నే చెప్పాడు. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే ఘాట్‌లో, మూడో మలుపు కాడ, బండి ఆగింది. దీపం ఊదినట్టు ఆగింది. ఎనిమిదిమంది ఉన్నారు. ఆగీ ఆగగానే అందరూ దూకి రెడ్డి చుట్టూ నిలబడ్డారు. బండి ఆగితే దూకాలన్నది ఆ ఇంటి కట్టడి. తర్వాత చిన్నసుబ్బయ్య తాళం తిప్పితే వెంటనే స్టార్ట్ అయింది. కడపలో చూపిస్తే ఫిల్టరు మార్చారు, ఏదో సెన్సర్ మార్చారు. వారం తిరక్కుండా మళ్లీ అదే ఘాట్‌లో ఆగింది. ఈసారి పది నిమిషాలకే అవతలివాళ్ల జీపు ఆ దారిన వచ్చింది. మెల్లగా పోతూ వీళ్లను చూసి, ఆగకుండా పోయింది.

"మా బండి ఆడ నిలబడిందని వాళ్లకు ఎవరు ఫోన్ చేసినట్టు?" అన్నాడు ఓబన్న, చిన్నసుబ్బయ్యను చూస్తూ.

"దోవన పోయేటోళ్లు పోతారన్నా. రోడ్డు మనదొక్కరిదేనా?"

"నోరు ముయ్యి. నూరుల్లా, బేస్తవారం పులివెందులలో పార్టీ మీటింగుండాది. ఆ లోపల తేల్చమన్నాడు మా బావ. తప్పు బండిదా, మనిషిదా? ఒక్క మాట చాలు."

ఆ ఒక్క మాట బరువెంతో నూరుల్లాకు తెలుసు. బండి కింద గోనెపట్ట పరచబోతూ ఆగి, "మీరెవరన్నా ఒకరు నా పక్కనే కూచోవాల. నేనేం ఇప్పినా, ఏం బిగించినా మీ కండ్ల ముందరే" అన్నాడు. ఓబన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

స్కానర్ తగిలించాడు. పి సున్నా సున్నా ఎనిమిది ఏడు. నోటుబుక్కులో షాహీదాబీ గుండ్రటి రాతలో ఉంది: రైల్ ప్రెషర్ చాలడం లేదు. ఇంజనుకు డీజిల్‌ను తోసే గొట్టంలో ఉండవలసినంత ఒత్తిడి లేదని అర్థం.

"చూడు ఓబన్నా, తాళం తిప్పి ఆపింటే ఈ కోడ్ పడదు. ఇంజనుకు డీజిల్ అందలేదు."

"అందకుండా వాడే చేసింటే? యాడో ఒక వాల్వు పెట్టుకున్యాడేమో. ఎత్తు ఎక్కతానే తిప్పినాడు, మేం దూకినాక మళ్లీ తిప్పినాడు. ఎవురికి తెలుసు?"

అది తెలివైన ప్రశ్నే. డీజిల్ అందలేదనడం చాలదు. ఎందుకు అందలేదో కళ్లకు చూపించాలి.

"డీజిల్ యాడ పోపిస్తారు?"

"ఇంటికాడ డ్రమ్ములుండాయి. బావ బంకుల కాడ నిలబడడు."

డ్రమ్ము అడుగున నీళ్లుంటాయి, తుప్పుంటుంది. దొరికిందనుకున్నాడు నూరుల్లా. ఫిల్టరు విప్పి గాజు సీసాలోకి డీజిల్ పట్టాడు. ఎండకు ఎత్తి చూస్తే తేటగా ఉంది. పంపు సరిగ్గా ఉంది. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం వెంట చేయి పెట్టి, చేయి పోయినంత మేరా తడిమాడు. వాల్వు లేదు, స్విచ్ లేదు. బండి అడుగంతా కొత్తగా నల్లరంగు కొట్టి ఉంది.

"ఈ మధ్య ఏమన్నా పని చేయించినారా బండికి?"

"ఏం చేయించలే. తుప్పు పట్టకుండా రంగేయించినాం, అంతే" అన్నాడు ఓబన్న రోడ్డువైపు చూస్తూ.

కోడ్ తుడిచేసి, ఓబన్న తోలుతుంటే ముగ్గురూ ఘాట్‌కు పోయారు. నూరుల్లా ఒడిలో స్కానర్ పెట్టుకుని అంకెలు చూస్తూ కూర్చున్నాడు. బండి చీమంతైనా తడబడకుండా పైకెక్కింది. బరువు చాలలేదేమోనని తిరిగొచ్చి, వెనక డిక్కీలో ఎనిమిది బస్తాల శనక్కాయలు వేయించుకుని మళ్లీ పోయారు. అప్పుడూ ఎక్కింది.

"ఇంగేం నూరుల్లా? చెప్పేసెయ్" అన్నాడు ఓబన్న. అతని గొంతులో తొందర ఉంది.

"బేస్తవారం అన్నావు గదా. ఇయ్యాల మంగళవారమే."

ఓబన్న టీ తాగను పోయినప్పుడు చిన్నసుబ్బయ్య దగ్గరికొచ్చాడు. వాళ్లది రాజుపాలెం వైపు గొర్రెలు మేపే కుటుంబం. పెద్ద శరీరం, చిన్న గొంతు.

"మామా, ఏదో ఒక సామాను పోయిందని చెప్పు. పంపు పోయిందను. కొత్తది ఎయ్. నీకు పుణ్యముంటాది."

"చెప్తా. శుక్రవారం మళ్లీ అదే మలుపులో ఆగుతాది. అప్పుడు నిన్నెవరు కాపాడతారు?"

"మరి బేస్తవారం దాటేదెట్ల మామా? బండి రెండోతూరి ఆగిన రాత్రే మా ఆడోళ్లను పుట్టింటికి పంపేసినా."

"నువ్వు ఏం చేయలేదు గదా?"

"అల్లా మీద..." అనబోయి, తడబడి, "మా సుంకులమ్మ మీద ఒట్టు మామా" అన్నాడు.

నూరుల్లాకు నవ్వొచ్చింది. "ఎవురి మీదైతే ఏంలే. పోయి తిను, పో."

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయాడు. షాహీదాబీ విషయమంతా అడిగి తెలుసుకుంది. మజ్జిగ పోస్తూ, "ఎంత బరువైతే అంత ఏసినా, ఆగలేదంటారు. మరి బస్తాలు యాడ ఏసినారు?" అంది.

"డిక్కీలో."

"ఆ పొద్దు మనుషులు డిక్కీలో కూచున్నారా?"

నూరుల్లా ఆమె ముఖంలోకి చూశాడు. మజ్జిగన్నం రెండు ముద్దల్లో ముగించి లేచాడు.

బుధవారం పొద్దున్నే నల్లగుట్టపల్లెకు పోయాడు. తిప్పారెడ్డి అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా.

"అన్నా, ఆ దినం ఎవరు యాడ కూచున్నారో, ఈ దినం అట్లే కూచోవాల. మీరు గూడా. అదే ఘాట్, అదే టైము. తోలేది సుబ్బయ్యే."

ఓబన్న లేచాడు. "మా బావను తీసకపోయి అదే మలుపులో నిలబెడతావా? నీకెవరు చెప్పినారు ఇట్ల అడగమని? ఎంతిస్తాండారు?"

అరుగు కిందున్న నలుగురూ నూరుల్లా వైపు తిరిగారు. ఆయన కదలలేదు.

"నన్ను తప్పు బండిదా, మనిషిదా చెప్పమన్నారు. సగం చూసి చెప్పమంటే చెప్పను. ఒకసారి చెప్పినా. ఒక మనిషి వేళ్లు పోయినాయి. రాలేమంటే బండి తీసకపోండి, ఇంగొకర్ని అడగండి."

తిప్పారెడ్డి పేపరు మడిచాడు. "వాడు చెప్పేదాంట్లో తప్పేముందిరా ఓబన్నా? నా బండిలో నేను ఎక్కలేకపోతే ఇంగ ఎలక్షన్లేం చేస్తాం? పదండి."

చిన్నసుబ్బయ్య చేతికి వారం తర్వాత తాళం వచ్చింది. ముందు సీట్లో ఓబన్న. నడిమి సీట్లో తిప్పారెడ్డి, ఆయనకు అటొకరు ఇటొకరు. వెనక ముగ్గురు. వాళ్ల కాళ్ల మధ్య ఇరుక్కుని నూరుల్లా, ఒడిలో స్కానర్. డ్యాష్‌బోర్డు నుంచి దాని వైరు సీట్ల పక్కగా సాగి ఉంది.

మొదటి మలుపు దాటారు. అంకెలు బాగున్నాయి. రెండో మలుపులో దారి నిటారుగా లేచింది. చిన్నసుబ్బయ్య గేరు తగ్గించి కాలు నొక్కాడు. ఒత్తిడి పెరగవలసిన చోట పెరగలేదు. ఎనిమిది వందలు. ఆరు. మూడు.

"వస్తాండాది" అన్నాడు నూరుల్లా.

మూడో మలుపు తిరిగే చోట బండి ఆగిపోయింది. చిన్నసుబ్బయ్య హ్యాండ్‌బ్రేకు లాగి, రెండు చేతులూ అందరికీ కనిపించేలా పైకెత్తాడు. తలుపుల పిడులు కదిలాయి.

"దిగొద్దు!" నూరుల్లా అంత గట్టిగా అరవడం ఆయనే ఎప్పుడూ వినలేదు. "ఎవరూ దిగొద్దు! మీరు దూకితే జబ్బు గూడా దూకుతాది. రెండుసార్లూ అట్లే పోయింది. కూచోండి!"

"నీయమ్మ, ఈడ కూచోని చావాల్నా?" అన్నాడొకడు, ఒక కాలు బయటపెట్టి.

కింద నుంచి లారీ ఏదో గేరు మార్చుకుంటూ వస్తున్న శబ్దం. తిప్పారెడ్డి అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"కాలు లోపల పెట్టు. ఐదు నిమిషాలు, నూరుల్లా" అన్నాడు.

నూరుల్లా వెనక తలుపులోంచి జారి, టార్చి పట్టుకుని బండి కింద దూరాడు. కంకర వీపుకు గుచ్చుకుంటోంది. గొట్టం వెంట వెలుతురు పోనిచ్చాడు. నిన్న చేయి దూరని చోట, చాసిస్ కమ్మీ పైన, నడిమి సీటు కింద, నల్లరంగు పూసిన పొడవాటి బోల్టు ఒకటి కిందికి పొడుచుకొచ్చి ఉంది. సీటు బోల్టనుకుని నిన్న వదిలేశాడు. ఇప్పుడు దాని కొస రబ్బరు గొట్టాన్ని కమ్మీకి అదిమి చదును చేసేసింది. పైన ముగ్గురు మనుషుల బరువు. బోల్టు పక్కన గీకి చూస్తే రంగు కింద ఇంకో రేకు. బండి రేకు కాదు. బొటనవేలి మందాన ఉక్కు.

అదేమిటో ఆయనకు అర్థమైంది. బాంబు పడినా కింద నుంచి తగలకుండా, రెడ్డి కూర్చునే సీటు కింద వేయించుకున్న రేకు. డ్రైవరు సీటు కింద లేదు. ఎవరికీ చెప్పకూడదని వేయించుకున్నది. పక్కన స్టూలేసుకుని కూర్చున్న ఓబన్న రెండు దినాలుగా చెప్పలేదు. పన్నెండేళ్ల డ్రైవరుకూ తెలియదు.

"అన్నా, మీరొక్కరే దిగండి. మీ చోట ఓబన్నను కూచోబెట్టండి. మిగతావాళ్లు కదలొద్దు."

లారీ హారన్ కొట్టి పక్క నుంచి పోయింది. ఇటుకల లారీ. తిప్పారెడ్డి దిగాడు. నూరుల్లా తాను పక్కకు జరిగి, పడుకోమన్నట్టు చూపించాడు. రెడ్డి ఒకసారి తన చొక్కా చూసుకుని, తర్వాత ఏమీ అనకుండా కంకరలో వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. టార్చి వెలుగులో ఇద్దరి తలలూ పక్కపక్కన.

"గొట్టం చూడండి. అణిగిపోయిందా? ఓబన్నా! ముగ్గురూ సీటు మీంచి లేసి వంగి నిలబడండి, వెనక్కి జరిగి!"

పైన అడుగుల చప్పుడు. బోల్టు కొస వెంట్రుక మందం, ఆ తర్వాత వేలు మందం పైకి లేచింది. రబ్బరు గొట్టం నెమ్మదిగా గుండ్రమైంది.

"కూచోండి!"

మళ్లీ చదునైంది.

తిప్పారెడ్డి చాలాసేపు చూశాడు. "బస్తాలు డిక్కీలో ఏసినప్పుడు తెలీలేదు దీనికి" అన్నాడు చివరికి. ఓబన్న అతనికి అన్నీ చెబుతూనే ఉన్నాడన్నమాట.

"లేదన్నా. సీట్లో మనుషులుండాల, ఎత్తు ఎక్కాల, ఇంజను డీజిల్ ఎక్కువ అడగాల. అప్పుడే." నూరుల్లా గొంతు తగ్గించాడు. "రేకు సంగతి మొదటి దినమే చెప్పింటే గంటలో పట్టేటోణ్ని."

"చెప్పేదేనా అది?"

"నాకు చెప్పకపోతే పాయె. తోలేటోనికి?"

తిప్పారెడ్డి బండి కింద నుంచి బయటికి జరిగి లేచాడు.

రంపంబ్లేడుతో రేకు బిగించిన నాలుగు బోల్టుల కొసలూ కోయడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా అందరూ దిగి, రెడ్డి చుట్టూ నిలబడ్డారు. ఏం దొరికిందో ఒకరి నుంచి ఒకరికి పాకింది. చిన్నసుబ్బయ్య వచ్చి బండి కింద తలపెట్టి చూశాడు. రేకును చూశాడు, అది ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు. నూరుల్లా గొట్టాన్ని దూరంగా జరిపి క్లిప్పు వేసి బిగించాడు. డీజిల్ చేతిపంపు కొట్టి గొట్టంలో చేరిన గాలి తీశాడు. కోడ్ తుడిచేశాడు.

"అందరూ ఎక్కండి. మొదట్లాగే."

మూడో మలుపు, నాలుగో మలుపు, ఐదోది. స్కానర్ మీద అంకెలు ఎక్కడా వెనక్కి తగ్గలేదు. వెనక ఎవరో ఈల వేశారు. "మన సుబ్బయ్య చెయ్యి బడితే బండి జింక" అన్నారింకెవరో. నిన్నటి దాకా అతని పక్కన నిలబడనివాళ్లే.

ఘాట్ పైకి రాగానే ముద్దనూరు వైపు థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపించాయి. చిన్నసుబ్బయ్య బండిని పక్కకు తీసి నిలిపాడు. ఇంజను ఆపాడు. ఎవరూ దూకలేదు, ఏమైందో అర్థం కాక. అతను దిగి, వెనక్కి వచ్చి, నడిమి తలుపు తీసి తాళం తిప్పారెడ్డి చేతికిచ్చాడు.

"ఏందిరా ఇది?"

"ఓబన్నకియ్యండన్నా. నేను గొర్ల కాడికి పోతా."

"ఎవురో ఏదో అన్యారని అలిగినావా? తేలిపాయె గదా. పన్నెండేండ్లు ఈ ఇంటి అన్నం తిన్నావు."

"తిన్నా అన్నా. తోలి తిన్నా." అతని గొంతు ఎప్పటిలాగే చిన్నగా ఉంది. "రేకు ఏసినట్టు నాకొక్క మాట చెప్పింటిరి... బరువు పెరిగితే బ్రేకు ముందుగా తొక్కాల. అదన్నా తెలిసుండేది."

ఓబన్న "ఒరేయ్" అంటూ దిగబోతే తిప్పారెడ్డి చేయి అడ్డం పెట్టాడు. చిన్నసుబ్బయ్య నూరుల్లా వైపు చూసి తలాడించాడు. చెప్పులు సర్దుకుని ముద్దనూరు దిగుడులో నడవసాగాడు. అక్కడ రైల్వేస్టేషనుంది, బస్సులున్నాయి. నూరుల్లాకు తానూ దిగి అతని వెంట పోవాలనిపించింది. కానీ రిపేరు చేసిన బండిని ఇంటికి చేర్చి అప్పజెప్పేదాకా అది ఆయన పూచీ. స్కానర్ మళ్లీ ఒడిలోకి తీసుకున్నాడు.

ఓబన్న స్టీరింగ్ ముందుకు జరిగి, బండిని జమ్మలమడుగు వైపు తిప్పాడు. అతని చేతికి గేర్లు సరిగా పడటం లేదు. ఒక మలుపు దిగాక తిప్పారెడ్డి తల తిప్పకుండా అడిగాడు.

"నూరుల్లా, వాడు నీ మాటింటాడు. తిరిగొస్తాడంటావా?"

"అది నాకు తెలీదన్నా" అన్నాడు నూరుల్లా. "బండి మాత్రం ఇంగ ఆగదు."